కొత్త పిల్లకు పాత సలహాలు

మా పక్కింటి పిల్లకు వరంగల్లులో డిగ్రీ సీటొచ్చింది. సీటు రావడం ఒక విశేషమైతే, ఆ పిల్ల పెట్టె సర్దడం ఇంకో విశేషం. కుసుమంచిలో మా వీధి వీధంతా ఆ పెట్టె చుట్టూ చేరింది. ఒకరు చింతకాయ తొక్కు తెచ్చారు. ఒకరు సకినాల డబ్బా తెచ్చారు. వాళ్ల నాన్న రెండు తాళాలు తెచ్చాడు, ఒకటి పెట్టెకు, ఒకటి ఎందుకో ఆయనకే తెలియదు. గణపేశ్వరాలయం నుంచి విభూది పొట్లం వచ్చింది. కాకతీయుల నాటి నుంచి ఆ నల్లరాతి గుళ్లో కూర్చుని ఈ ఊరిని కాస్తున్న స్వామి, వరంగల్లు దాకా రాకపోతాడా అని వాళ్ల నానమ్మ నమ్మకం. నిజానికి స్వామికి వరంగల్లు కొత్తేమీ కాదు, ఆ రాజుల ఊరే కదా!

ఆఖరున వాళ్లమ్మ ఒక చిన్న కారప్పొడి పొట్లం పక్క అరలో దోపింది. ఖమ్మం జిల్లా వాళ్లం, మిర్చికి పేరుబడ్డవాళ్లం, ఆయుధాలకు మాకు కొదవ లేదు.

పెట్టెలో పట్టనివి సలహాలు. రాత్రిపూట బయటికి పోకు. ఎవరన్నా ఇచ్చింది తినకు. ఫోను ఎవరి చేతికీ ఇయ్యకు. ఇలా ఒకటొకటే వస్తుంటే, మంచం మీద కూర్చున్న నానమ్మ అన్నిటికీ పై సలహా ఒకటి చెప్పింది. "ఎవలేమన్నా తలొంచుకో బిడ్డా. మారుమాట పలకమాక. నాలుగు రోజులు ఓర్చుకుంటే వాళ్లే ఊరుకుంటరు."

అంతవరకూ నవ్వుతూ వింటున్నదాన్ని, నాకు ఆ మాట దగ్గర చురుక్కుమంది. 1997లో నేను డిగ్రీలో చేరబోతున్నప్పుడు మా నానమ్మ అచ్చం ఇదే మాట చెప్పింది. నేను అచ్చం అలాగే చేశాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. "అత్తా, ఈ ర్యాగింగ్ ఎవరు కనిపెట్టిండ్రు?" అని నన్నడిగింది. నేను కథలూ నవలలూ రాస్తానని, బి.ఏ. చదివానని, అందుచేత నాకు తెలియనిది ఉండదని దాని నమ్మకం. తెలియదంటే పరువు పోతుంది. నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను. ఆ నాలుగు రోజులూ మా ఇంట్లో పప్పు మాడింది, అది వేరే సంగతి.

తిరగేస్తే తేలిందేమిటంటే, ఈ రోగం కాలేజీలంత పాతది.

క్రీస్తు శకం 4వ శతాబ్దంలో ఏథెన్సు నగరం పెద్ద చదువులకు పేరు. వక్తృత్వం నేర్చుకోవడానికి దేశదేశాల నుంచీ కుర్రవాళ్లు వచ్చేవారు. గురువులకు శిష్యుల సంఖ్యను బట్టి పేరూ డబ్బూ. అందుకని పాత శిష్యులు జట్లు కట్టి, కొత్తగా వచ్చిన కుర్రవాడిని పట్టుకుని తమ గురువు దగ్గరికి లాక్కుపోయేవారు. సిరియాలోని అంతియోకు నుంచి 336లో లిబానియస్ అనే యువకుడు వచ్చాడు. తర్వాత మహావక్త అయినవాడే. అతను ఒక గురువు దగ్గర చేరాలనుకుని వస్తే, ఇంకో గురువు శిష్యులు పట్టుకుని ఇరుకు గదిలో వేసి, మా గురువు దగ్గరే చదువుతానని ఒట్టు పెట్టేదాకా వదల్లేదట. తన జీవితకథలో తనే రాసుకున్నాడు. ఇంటర్ ఫలితాలు రాగానే మన ఊళ్లకు వచ్చే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు నాకు చటుక్కున గుర్తొచ్చారు. వాళ్లు గదిలో వెయ్యరు, స్కూటీ ఇస్తామంటారు. అంత నాగరికత పెరిగింది.

ఆ ఏథెన్సులోనే మరి కొన్నేళ్లకు గ్రెగరీ అనే ఇంకో విద్యార్థి. ఇప్పటి తుర్కియేలో ఉన్న కప్పదోకియా ప్రాంతం వాడు. కొత్తవాడు వస్తే అక్కడ ఏం జరిగేదో ఆయన వివరంగా చెప్పాడు. ముందు అందరూ చుట్టూ చేరి మాటలతో పొడిచేవారు. తర్వాత రెండేసి మందిగా బారులు తీరి, అంగడి వీధి మీదుగా స్నానశాలకు ఊరేగించేవారు. దగ్గరికి రాగానే పూనకం వచ్చినట్టు ఒక్కసారిగా అరుస్తూ, గంతులేస్తూ, తలుపులు బాదుతూ వాణ్ణి హడలగొట్టేవారు. లోపలికి వెళ్లి స్నానం చేసి వస్తే ఇక వాడూ వాళ్లలో ఒకడు. కొత్తవాడికి భయం, పాతవాళ్లకు వేడుక.

ఇదే గ్రెగరీ తన స్నేహితుడు బాసిల్ వస్తున్నాడని తెలిసి ఏం చేశాడో చూడండి. ముందే అందరి దగ్గరికీ వెళ్లి, అతను ఇలాంటివాడు, నెమ్మదస్తుడు, గౌరవంగా చూడండి అని ఒప్పించాడు. ఆ స్నానాల తంతు తప్పించుకున్నవాడు దాదాపు బాసిల్ ఒక్కడే. బాసిల్ కండలు చూసి కాదు, ఆయన భక్తి చూసి కూడా కాదు. ముందే అక్కడున్నవాడొకడు తన మనిషని చెప్పాడు, అంతే. ఆ ఇద్దరూ తర్వాత క్రైస్తవ ప్రపంచానికి మహనీయులయ్యారు.

అదే శతాబ్దంలో, ఇప్పటి ట్యునీషియాలో ఉన్న కార్తేజి నగరంలో అగస్టీన్ చదువుకున్నాడు. అక్కడి పోకిరీ జట్టు తమకు తాము పెట్టుకున్న పేరు 'పడగొట్టేవాళ్లు'. బెదిరిపోయే కొత్త కుర్రాళ్లను వెతికి వెతికి ఏడిపించేవారు. అగస్టీన్ వాళ్లతో తిరిగేవాడు. వాళ్ల పనులంటే అసహ్యం, వాళ్ల స్నేహం మాత్రం కావాలి, చెయ్యకుండానే వాళ్ల పక్కన నిలబడేవాణ్ణి అని తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. పెద్దయ్యాక అక్కడే పంతులయ్యాడు. విద్యార్థుల అల్లరి పడలేక 383లో రోముకు మారాడు. రోములో పిల్లలు బుద్ధిమంతులే, కాకపోతే ఫీజు కట్టే వేళకు మూకుమ్మడిగా ఇంకో పంతులు దగ్గరికి మారిపోయేవారట. పాపం పంతులు!

ఇక చట్టం సంగతి. 533వ సంవత్సరంలో జస్టీనియన్ చక్రవర్తి న్యాయశాస్త్ర పాఠ్యక్రమాన్ని కొత్తగా ఏర్పరుస్తూ, ఎనిమిది మంది ఆచార్యులను ఉద్దేశించి ఒక శాసనం చేశాడు. ఏ ఏడాది ఏం చదవాలో చెప్పే శాసనం అది. అందులోనే, కాన్‌స్టాంటినోపుల్‌లోనూ బేరూతులోనూ చదివే విద్యార్థులు గురువుల మీద గానీ, తోటివారి మీద గానీ, ముఖ్యంగా కొత్తగా వచ్చినవారి మీద గానీ నీచమైన ఆటలు ఆడరాదని నిషేధించాడు. నేరాలు పుట్టించేవాటిని ఆటలని ఎవరైనా అంటారా అని అడిగాడు కూడా. ఈ నిషేధం అమలుకు బేరూతులో ఆ ప్రాంతపు పాలకుడినీ, బిషప్పునీ, ఆచార్యులనూ పూచీ చేశాడు. మొదటి ఏడాది వాళ్లకు అప్పటిదాకా 'రెండు కాసులవాళ్లు' అనే అర్థం వచ్చే ఎగతాళి పేరొకటి ఉండేది. అది తీసేసి 'కొత్త జస్టీనియన్లు' అని తన సొంత పేరు పెట్టాడు. ఆయన తక్కిన ఘనకార్యాలు ఎలా ఉన్నా, ఈ ఒక్కదానికి నాకు ఆయనంటే ఇష్టం కలిగింది. కొత్త పిల్లను ఏమని పిలుస్తారన్నది చిన్న విషయం కాదు. నన్ను నా పేరుతో పిలవడానికి మా సీనియర్లకు మూడు నెలలు పట్టింది.

మధ్యయుగాల పారిస్‌లో కొత్తవాణ్ణి 'పచ్చముక్కువాడు' అనేవారు, గూడు దాటని పక్షిపిల్ల అని. వాడి దగ్గర విందు కోసం డబ్బు గుంజేవారు. ఆ వసూళ్లను అదుపు చేస్తూ అక్కడి విశ్వవిద్యాలయం 1340లో నియమం చేసింది. జర్మనీలో ఇంకా తమాషా. కొత్తవాడి తలకు కొమ్ములు కట్టి, వాడు ఇంకా పశువే అన్నట్టు రంపంతో అవి కోసి మనిషిని చేసేవారు. నీకేమన్నా కొమ్ములొచ్చాయా అని మనం మాటవరసకు అంటాం, వాళ్లు నిజంగానే కట్టి మరీ కోశారు. అది పోనుపోను సీనియర్లకు ఏడాదిపాటు వెట్టిచాకిరీ చేసే ఆచారంగా ముదిరితే, 17వ శతాబ్దంలో అక్కడి విశ్వవిద్యాలయాలు కూడబలుక్కుని నిషేధించాయి.

ఇదంతా చెబితే మా పక్కింటి పిల్ల, "మనకు లేదా మరి?" అంది.

ఉంది, మాటే లేదు. ర్యాగింగ్ అన్నది ఇంగ్లీషు మాట. దానికి తెలుగులో మనం వాడేది 'ఏడిపించడం'. ఈ మాటను కాస్త నాలుక మీద పెట్టి చూడండి. బావ మరదలిని ఏడిపిస్తాడు. తాతయ్య మనవణ్ణి ఏడిపిస్తాడు. ఏడిపించడంలో సగం ముద్దు ఉంది. ఆడపిల్ల వెంటపడి వేధిస్తే 'అల్లరి చేశాడు' అంటాం. అల్లరి అంటే ఉయ్యాల్లో పసిపిల్లవాడు చేసేది! నేరానికి ముద్దుపేరు పెట్టుకున్నాక, ఇక ఫిర్యాదు చేసినవాళ్లే రసం తెలియనివాళ్లు అవుతారు. ఆ మాత్రం సరదా తెలియదా అంటారు. జస్టీనియన్ అడిగిన ప్రశ్న తెలుగులో అడగడానికి మనకు చాలా కాలం పట్టింది.

అడిగించింది ఒక చావు. 1996 నవంబరులో, తమిళనాడు అణ్ణామలై విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో మొదటి సంవత్సరం కుర్రవాడు హాస్టలు నుంచి మాయమయ్యాడు. అతని తండ్రి పొన్నుస్వామి అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. ఒక విశ్వవిద్యాలయానికి అధిపతి అయినవాడు, ఇంకో విశ్వవిద్యాలయంలో తన బిడ్డను కాపాడుకోలేకపోయాడు. హత్య చేసింది సీనియర్ విద్యార్థి. 1998లో సెషన్సు కోర్టు శిక్ష వేసింది, 2001లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టు మళ్లీ శిక్ష ఖాయం చేసింది. ఆ ఘోరం తర్వాత తమిళనాడు ర్యాగింగ్ మీద చట్టం తెచ్చింది. 1997లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది.

ఆ చట్టం నేను ఇప్పుడు, ఇన్నేళ్లకు చదివాను. చిన్న చట్టమే, వంటింట్లో నిలబడి చదివేయవచ్చు. వెక్కిరించి అవమానపరిస్తే ఆరు నెలల దాకా జైలు. కొట్టినా బెదిరించినా ఏడాది. గదిలో బంధించినా గాయపరిచినా రెండేళ్లు. ఎముకలు విరిగేలాంటి తీవ్రమైన గాయానికి, అత్యాచారానికి అయిదేళ్లు. చావుకు కారణమైతే, ఆత్మహత్యకు పురికొల్పితే యావజ్జీవం గానీ పదేళ్ల వరకు గానీ. ఇవన్నీ ఒక ఎత్తు. నన్ను ఆపింది చివర్లో ఉన్న ఇంకో మాట. ఫిర్యాదు అందాక కళాశాల అధిపతి చర్య తీసుకోకుండా ఊరుకుంటే, ఆ నేరానికి ఆయన కూడా తోడ్పడినట్టే లెక్క. అంటే పెద్దమనిషి మౌనం కూడా నేరమే. ఇది చదివి స్టవ్ కట్టేసి కూర్చున్నాను.

ఎందుకంటే 1997లో నేను ఆ కాలేజీలోనే ఉన్నాను కదా. పేరు చెప్పను. మా హాస్టల్లో రాత్రి తొమ్మిదింటికి వార్డెన్ గేటుకు తాళం వేసేది. గేటు తాళం వేశారు కాబట్టి ఆడపిల్లలం క్షేమం అని మా ఇళ్లల్లో నిశ్చింత. బయటివాళ్లు లోపలికి రాకుండా వేసిన తాళం అది. లోపలివాళ్ల సంగతి? తొమ్మిదిన్నరకు సీనియర్లు పిలిచేవారు. బట్టలు ఉతికించడం, కాళ్లు పట్టించడం, ఊరి యాసలో మాట్లాడించి నవ్వడం. "మీ కుసుమంచిలో కరెంటుందా?" అని అడిగి, ఉందంటే నవ్వు, లేదంటే ఇంకా నవ్వు. నేను నానమ్మ చెప్పినట్టు తలొంచుకున్నాను. నా పక్క మంచం అమ్మాయి తలొంచుకోలేకపోయింది. భద్రాచలం అవతల అడవి పల్లె నుంచి వచ్చింది. వాళ్ల ఊళ్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. ఆ పిల్లను రాత్రుళ్లు ఏమేం చేయించారో నేను చూశాను, రాయలేను. పదిహేనో రోజు పొద్దున పెట్టె పట్టుకుని వెళ్లిపోయింది. ఇంటి మీద బెంగ అని రిజిస్టరులో రాశారు. ఆ చలికాలంలోనే పెళ్లయిందని విన్నాను. వార్డెనుకు తెలుసు, లెక్చరర్లకు తెలుసు. నాకూ తెలుసు. చట్టం వచ్చిన కాగితం నోటీసు బోర్డు మీద ఉండే ఉంటుంది. నోటీసు బోర్డు దగ్గర మేము పరీక్ష తేదీలే చూసేవాళ్లం.

ఇంకో సంగతి. మరుసటి ఏడాది కొత్తపిల్లలు వచ్చినప్పుడు, మా గది ముందు ఒక పిల్లను నిలబెట్టి పాట పాడమన్నారు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ పాడింది. మేము చప్పట్లు కొట్టాం. అగస్టీన్ కనీసం చెయ్యకుండా పక్కన నిలబడ్డాడు.

ఆ తర్వాతి కథ చట్టాల కథ. 2001 మే నెలలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. అవి కాగితం దాటలేదు. సి.బి.ఐ. మాజీ డైరెక్టరు రాఘవన్ అధ్యక్షతన కోర్టు వేసిన కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. 2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాడు. అదే నెలలో మన బాపట్ల వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాల హాస్టల్లో ఒక అమ్మాయి, తోటి ఆడపిల్లలు చేసిన అవమానం భరించలేక ప్రాణం తీసుకోబోయింది. ఆడపిల్లలకు ఆడపిల్లల వల్ల ఏం భయం అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది జూన్‌లో యు.జి.సి. గట్టి నిబంధనలు తెచ్చింది. ప్రతి విద్యార్థీ, తల్లిదండ్రీ హామీపత్రం రాసివ్వాలి. కొత్తవాళ్లను విడిగా ఉంచాలి. ర్యాగింగ్ జరిగిందని తెలిసిన 24 గంటల్లో కళాశాల అధిపతే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. పగలూ రాత్రీ పలికే ఫోను నంబరు ఒకటి పెట్టారు, 1800-180-5522.

ఇన్ని ఉన్నా, 2015 జులై 14న గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం హాస్టల్లో వరంగల్లు పిల్ల ఒకతె ప్రాణం తీసుకుంది. ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం. తన బాధ కాగితం మీద రాసి పెట్టింది. రాష్ట్రమంతా అట్టుడికింది, ప్రభుత్వం కమిటీ వేసింది, అరెస్టులు జరిగాయి. కేసు తొమ్మిదేళ్లు నడిచింది. 2024 నవంబరులో గుంటూరు కోర్టు సాక్ష్యాలు చాలవని కొట్టేసింది. ఆ తీర్పు మంచి చెడ్డలు నేను చెప్పదలచుకోలేదు, చెప్పేదాన్నీ కాదు. ఒక్కటి మాత్రం తోచింది. బాధ రాసిన కాగితం చనిపోయాక దొరికితే అది కోర్టులో కాగితమే. బతికుండగా ఒకరి చేతికి అంది, ఆ చేతిలో కదలిక పుట్టించి ఉంటే అది వేరే కాగితం అయ్యేది.

2023 ఫిబ్రవరిలో వరంగల్లు కాకతీయ వైద్య కళాశాలలో పి.జి. చదువుతున్న యువ డాక్టరు విషయంలో ఇంకా బాధేమిటంటే, ఆ అమ్మాయి దాచుకోలేదు. సీనియర్ వేధిస్తున్నాడని ఇంట్లో చెప్పింది. తండ్రి పెద్దల చెవిన వేశాడు. అయినా 22న అపస్మారకంలో పడివుంది, 26న హైదరాబాదులో నిమ్స్‌లో కన్ను మూసింది. సీనియర్ని అరెస్టు చేశారు, కేసు పెట్టారు. చెప్పడం పిల్లల వంతు. విన్నాక కదలడం ఎవరి వంతో ఆ 1997 చట్టంలో రాసి ఉంది. తెలంగాణ వచ్చాక కూడా ఆ చట్టం మనకు ఉంది.

అందుకే పెట్టె సర్దిన రాత్రి ఆ పిల్లను మా ఇంటికి పిలిచి నానమ్మ సలహా వెనక్కి తీసుకున్నాను. కారప్పొడి ఉండనీ అన్నాను, చీకటి సందులో ముక్కూమొహం తెలియనివాడి కోసం పనికొస్తుంది. కానీ కాలేజీలో ఆపద చాలాసార్లు పేరు తెలిసినవాళ్ల నుంచే వస్తుంది, పక్క గది నుంచి వస్తుంది, ఇప్పుడైతే ఫోన్లోంచి వస్తుంది. సీనియర్లు వాట్సాప్ గుంపుల్లో కొత్తవాళ్లను వేధించినా అది ర్యాగింగే అని 2025లో యు.జి.సి. హెచ్చరించింది. వాటి మీద కారం చల్లితే ఫోనే పాడవుతుంది.

ఒక నోటుబుక్కు ఇచ్చాను. ఏం జరిగినా అదే రోజు రాసుకో, తారీఖు, వేళ, ఎవరు, ఎవరు చూశారు. ఫోన్లో వచ్చినవి కోపంతో చెరిపెయ్యకు. అదే రోజు ఒక్కరికన్నా చెప్పు, నాకు చెప్పినా సరే. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలికి పోతుంది. కాగితం మీద రాసి రెండు ప్రతులు తీసి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకో. ముద్ర పడ్డ కాగితమంటే పెద్దలకు భయం. ఎక్కడి పోలీసుస్టేషన్‌లో ఇచ్చినా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, మా పరిధి కాదు పొమ్మనే రోజులు 2024 జులైలో వచ్చిన కొత్త చట్టాలతో పోయాయి. ప్రాణం మీదికొస్తే 112. వెంటపడేవాళ్లుంటే షీ టీములున్నాయి, 2014లో హైదరాబాదులో మొదలై జిల్లాలకు వచ్చాయి. ఇవన్నీ అట్ట లోపలి వైపు రాశాను.

"ఇంకేంది అత్తా?" అంది, పాఠం ఎప్పుడైపోతుందా అన్నట్టు.

"పోయిన రోజే ఒక స్నేహితురాలిని చూసుకో. రెండో ఏడాది వాళ్లలో ఒక మంచిపిల్లను కూడా పట్టుకో" అన్నాను, గ్రెగరీని తలుచుకుని. మన తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే పద్ధతి పేరే 'దోస్త్'. సీటిచ్చి ఊరుకుంటుంది, అసలు దోస్తును మనమే వెతుక్కోవాలి.

"నువ్వు చేసుకున్నవా?"

అప్పుడు భద్రాచలం అవతలి పిల్ల సంగతి చెప్పాను. పాట పాడించిన సంగతీ చెప్పాను. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ. ఆ పిల్ల ఏమీ అనలేదు. నోటుబుక్కు తీసుకుని, "ఆ అక్క పేరు గుర్తుందా?" అంది. ఉంది. చెప్పాను.

పొద్దున్నే ఖమ్మం బస్సు ఎక్కించాం. అక్కడ దిగి వరంగల్లు బస్సు పట్టుకోవాలి. ఆడవాళ్లకు టికెట్టు లేని బస్సు కాబట్టి వాళ్లమ్మా, నానమ్మా కూడా ఎక్కేశారు. నానమ్మ కిటికీలోంచి నన్ను చూసి, "నువ్వేందో ఎదురు తిరగమని నేర్పినవంట" అని గదమాయించింది. బస్సు పాలేరు వైపు కాదు, ఖమ్మం వైపు పోతుందని తెలిసినా, ఆ మాట తప్పించుకోవడానికి నేను చెరువు వైపు చూశాను.

ఆరో రోజు రాత్రి ఫోనొచ్చింది.

"అత్తా, నాకేం కాలేదు. నా పక్క మంచం పిల్ల మూడు రోజుల సంది అన్నం తింటలేదు. అడిగితే ఏం లేదంటది. రాత్రి దుప్పటి కప్పుకుని ఏడుస్తంది."

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "నువ్వేం చేసినవ్?"

"నీళ్లు తాగిచ్చి కూసోబెట్టి అడిగిన. చెప్పింది. ఇద్దరం కలిసి రాసినం. వార్డెన్ మేడం కాడికి పోయినం."

"ఏమంది?"

"చూద్దాం అన్నది. ముద్ర రేపేస్తదంట."

రేపు ఎన్నింటికి ఆఫీసు తీస్తారో కనుక్కుని, తీయకముందే ఆ పిల్లను వెంటబెట్టుకుని గుమ్మం దగ్గర ఉండమన్నాను.